పసిఫిక్ దీవుల వానాకాలం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒక్క సముద్రం గురించే. అమలాపురం, రాజోలు, కాకినాడ, నరసాపురం వైపు నుంచి వచ్చినవే ఎక్కువ. ఓడల మీద, రిసార్టుల్లో, హోటళ్ల వంటశాలల్లో పనికి పసిఫిక్ దీవులకు వెళ్లినవాళ్ల ఇళ్ల నుంచి కొన్ని, ప్రయాణం కట్టబోయేవాళ్ల నుంచి కొన్ని. బంగాళాఖాతం చూసిన కళ్లతో పసిఫిక్‌ను చదవబోయి తికమకపడటం దాదాపు అన్నిట్లోనూ కనిపించింది.

ప్రశ్న: మా అబ్బాయి ఫిజీలో సువా పక్కన హోటల్లో చేస్తున్నాడండి. మనకి ఏరువాక వేళకి అక్కడ చలి అంటాడు. సంక్రాంతికి ఫోన్ చేస్తే తెగ వానంటాడు. అక్కడా మనలాగే రుతుపవనాలేనా? తుపాను నెలలేవో తెలిస్తే కాస్త జాగ్రత్త చెప్పుకుంటాం. (ఒక తల్లి, అమలాపురం)

ఫిజీ భూమధ్యరేఖకు దక్షిణాన ఉందమ్మా. కాలాలు తలకిందులు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు, జనవరి నుంచి మార్చి దాకా వాటి జోరు. తుపాన్ల కాలం కూడా అధికారికంగా నవంబరు 1 నుంచి ఏప్రిల్ 30 వరకే. ఆ వేళలు దాటి వచ్చినవి లేకపోలేదు గానీ అరుదు.

ఇక రుతుపవనాల మాట. గాలి ఆరు నెలలకోసారి దిక్కు మార్చుకుంటేనే రుతుపవనం. ఆ మార్పు పాపువా న్యూగినీలో, సోలొమన్ దీవుల్లో స్పష్టంగా ఉంటుంది: డిసెంబరు నుంచి మార్చి దాకా వాయవ్యం గాలి, మిగతా ఏడాది చాలావరకు ఆగ్నేయం గాలి. పోర్ట్ మోర్స్‌బీ తీరంలోని మోటు జనానికి ఈ రెంటికీ సొంత పేర్లున్నాయి. ఆగ్నేయం గాలి లౌరబడ, వాయవ్యం గాలి లహర. పూర్వం వాళ్లు మట్టికుండలు నింపుకుని లౌరబడతో పడమటికి తెరచాప ఎత్తి, సగుబియ్యం పిండితో లహర మీద ఇంటికొచ్చేవారు. కోరంగి ఓడల కాలం తెలిసినవాళ్లకు ఈ లెక్క కొత్తేమీ కాదు.

ఫిజీ దాకా వచ్చేసరికి ఆ మార్పు పలచబడుతుంది. అక్కడ ఏడాది పొడుగునా ఆగ్నేయ వ్యాపార పవనాలదే పెత్తనం. వాన తెచ్చేది దక్షిణ పసిఫిక్ కన్వర్జెన్స్ జోన్ అనే మేఘాల పట్టీ. సోలొమన్ దీవుల వైపు నుంచి ఆగ్నేయంగా వేల కిలోమీటర్లు సాగి ఉంటుంది. ఆ పట్టీ దీవి మీద కూర్చుంటే మూడు నాలుగు రోజులు కుండపోత, ఉత్తరానికో దక్షిణానికో జరిగితే ఎండ. మన నైరుతిలా ‘తాకింది, విస్తరించింది, వెనుదిరిగింది’ అనే ప్రకటనలుండవు. మన కార్తెలు అక్కడికి మోసుకెళ్లి లాభం లేదు.

ఫిజీలో నెల కంటే ఊరు ఏ పక్కనుందో చూడాలి. సువా ఆగ్నేయపు ఒడ్డున, గాలికి ఎదురుగా ఉంది. తేమగాలి కొండ ఎక్కుతూ అక్కడే కురిసేస్తుంది. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్లు. అదే దీవికి పడమటి వైపున్న నాందిలో 1,900 దరిదాపు. మన కోనసీమ వాన 1,100, 1,200 మధ్య ఉంటుంది. కాబట్టి మీ అబ్బాయి జూలైలో కూడా గొడుగు పట్టుకుంటాడు, కంగారు పడకండి.

తుపాను వేళ అక్కడ మన కాకినాడ రేవులోలా ఒకటో నంబరు, మూడో నంబరు జెండాలు చెప్పరు. గంటకు 63 కిలోమీటర్లు దాటే గాలికి గేల్ వార్నింగ్, 89 దాటితే స్టార్మ్ వార్నింగ్, 118 దాటితే హరికేన్ వార్నింగ్. వీటికి ముందు అలర్ట్ అని ఒకటిస్తారు. మంచినీళ్లు, టార్చి, పవర్ బ్యాంకు, పాస్‌పోర్టు కవరు అప్పుడే సర్దుకోవాలి, హరికేన్ వార్నింగ్ దాకా ఆగకూడదు. తుపాను కన్ను మీదుగా పోయేటప్పుడు గాలి ఠక్కున ఆగుతుంది. అయిపోయిందని బయటికొచ్చినవాళ్లే రేకులు తగిలి దెబ్బ తింటారు. కాసేపట్లో గాలి ఎదురు దిక్కు నుంచి అంతే బలంగా కొడుతుంది. 2016 ఫిబ్రవరి 20న విన్‌స్టన్ తుపాను ఫిజీని తాకినప్పుడు గంటకు 280 కిలోమీటర్ల గాలి నమోదైంది, 44 మంది పోయారు.

ఫిజీ గడియారం మనకంటే ఆరున్నర గంటలు ముందుంటుంది. వాతావరణ బులెటిన్లలో యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక టైము వేస్తారు. సున్నా గంటలు అంటే మనకి ఉదయం అయిదున్నర, మీ అబ్బాయికి మధ్యాహ్నం పన్నెండు. టీవీలో ‘ఈ రాత్రి తీరం దాటుతుంది’ అని విని భయపడే ముందు ఈ లెక్క వేసుకోండి.

ప్రశ్న: అంతర్వేది మొగలో పదేళ్లుగా ఫైబర్ బోటు తోలుతున్నాను. పలావ్‌లో డైవింగ్ బోట్లకి మనుషులు కావాలంటున్నారు. అక్కడి ఫోర్‌కాస్టులో ‘స్వెల్ 1.2 మీటర్లు, 14 సెకన్లు’ అని ఉంటుందట. మీటరు కెరటం మనకో లెక్కా? ఇంకా ఏం నేర్చుకుని వెళ్లాలండి? (అంతర్వేది)

ముందు పలావ్ గురించి ఒక ముక్క. అన్నం కాదు, దేశమే. భూమధ్యరేఖకు ఉత్తరాన ఏడు డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి కాలాలు ఫిజీకి ఎదురు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఈశాన్యం గాలి. జూన్ నుంచి అక్టోబరు మధ్య పడమర, నైరుతి గాలులు. మీరు పనిచేయబోయే డైవింగ్ చోట్లు చాలావరకు నైరుతి వైపు పగడపు దిబ్బ అంచునే ఉంటాయి. అంటే వేసవిలో అద్దంలా ఉన్న ఒడ్డే ఆ నెలల్లో మీకు ఎదురు తిరుగుతుంది. వాన ఏ నెలలోనూ ఆగదు.

మీ ప్రశ్నకు వస్తే, స్వెల్ అంటే దూరపు గాలికి లేచి నడిచివచ్చే కెరటం. ముందు సెకన్లు చూడండి, మీటర్లు తర్వాత. ఒక కెరటం శిఖరం పోయాక రెండోది రావడానికి పట్టే సమయం ఆ సెకన్లు. మన తీరంలో సముద్రపు గాలికి లేచే కెరటం అయిదారు సెకన్లది. లోతు నీటిలో అలల మధ్య దూరం కట్టాలంటే సెకన్లను సెకన్లతో హెచ్చించి, 1.56తో మళ్లీ హెచ్చించండి. ఆరు సెకన్లకు సుమారు 55 మీటర్లు, పద్నాలుగు సెకన్లకు 300 మీటర్ల పైమాట. ఎత్తు మీటరే అయినా మూడొందల మీటర్ల వెడల్పు నీటిదిబ్బ కదిలొస్తోందన్నమాట. నడిసముద్రంలో బోటు మెల్లగా లేచి దిగుతుంది, మీకు తెలియను కూడా తెలియదు. పగడపు దిబ్బ అంచున మాత్రం లోతు ఒక్కసారి తగ్గేసరికి నీరంతా కూడుకుని గోడలా లేస్తుంది. అక్కడ 1.2 మీటర్లు కాస్తా రెండు దాటొచ్చు. లోతు కెరటం ఎత్తుకు ఒకటీ పావు రెట్ల దగ్గరికి తగ్గితే కెరటం విరుగుతుంది. రెండు మీటర్ల లోతున్న చోట మీటరున్నర కెరటం విరిగిపడుతుందని గుర్తుంచుకోండి.

ఫోర్‌కాస్టులో రాసే ఎత్తు కూడా అన్ని కెరటాలదీ కాదు. అన్నిట్లోకీ పెద్దవి మూడో వంతు తీసి, వాటికి కట్టిన సగటు. రోజు మొత్తంలో దానికి రెట్టింపు కెరటం ఒకటి రెండు తప్పక తగులుతాయి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ మన తీరానికిచ్చే బులెటిన్‌లో కూడా ఎత్తుతో పాటు సెకన్లు ఉంటాయి. బయల్దేరే లోపు రోజూ అది చూసి, మొగ దగ్గర కెరటంతో పోల్చుకోవడం అలవాటు చేసుకోండి. ఖర్చు లేని చదువు.

పైగా ఈ దూరపు కెరటానికీ అక్కడి వాతావరణానికీ సంబంధం ఉండదు. పదహారు సెకన్ల కెరటాల గుంపు రోజుకు సుమారు 1,080 కిలోమీటర్లు నడుస్తుంది. మూడు వేల కిలోమీటర్ల అవతల గాలివాన లేస్తే మూడో రోజుకు మీ దీవి ఒడ్డున, నిర్మలమైన ఆకాశం కింద, గాలి లేని వేళ కెరటాలు దిగుతాయి. 2008 డిసెంబరులో ఉత్తర పసిఫిక్ తుపాను గాలుల కెరటాలు ఇలాగే మైక్రోనేషియా, మార్షల్ దీవులు, కిరిబాటి, పాపువా న్యూగినీ దాకా వచ్చి పల్లపు ఊళ్లను ముంచాయి. ముంచింది అక్కడి తుపాను కాదు.

ఇప్పుడు గండి. పగడపు దిబ్బలో లోపలి మడుగులాంటి లగూన్‌కూ బయటి సముద్రానికీ మధ్య ఉండే సందును గండి అనుకుందాం. మీకు మొగ తెలుసు గనక సగం తెలిసినట్టే. మిగతా సగం వేరు. మొగలో నీరు పోటుకి లోపలికి, ఆటుకి బయటికి పోతుంది. గండిలో ఇంకో ప్రవాహం కూడా ఉంది. కెరటాలు దిబ్బ మీదుగా నీటిని లోపలికి విసురుతూనే ఉంటాయి. ఆ నీళ్లు బయటికి పోవడానికి గండి తప్ప దారి లేదు. కెరటం పెద్దదైన రోజు పోటు వేళ కూడా గండి బయటికే పారుతుంది. అలా పారే నీటికి ఎదురుగా కెరటం వస్తే కురచబడి నిటారుగా లేస్తుంది. బోటు ముక్కు అందులో గుచ్చుకుంటుంది.

అందుకని గండి ముందు ఇంజను తగ్గించి పదిహేను, ఇరవై నిమిషాలు ఊరికే చూడండి. పెద్ద కెరటాలు గుంపులుగా వస్తాయి. రెండు గుంపుల మధ్య తెరిపి ఎంతుందో లెక్కపెట్టండి. పోటు నిండబోయే చివరి గంట లోపలికి పోవడానికి మంచిది. ఎండ నడినెత్తిన, లేదా వీపు వెనక ఉండాలి. ఉదయం పదికి ముందు, మధ్యాహ్నం మూడు తర్వాత నీటి మీద మెరుపు తప్ప ఏమీ కనబడదు. పోలరాయిడ్ కళ్లద్దాలు పెట్టుకున్న మనిషి ఒకడు ముందు నిలబడాలి. ముదురు నీలం లోతు, పాలపిట్ట రంగు మూడు నాలుగు మీటర్లు, గోధుమ రంగు కనబడితే పగడం మీ అడుగునే ఉంది. వాన కురిశాక ఏటి బురద దిగితే ఈ రంగులన్నీ పోతాయి. ఆ పూట గండి జోలికి పోకండి.

అంతర్వేదిలో అడుగు తగిలితే ఇసుక. నలుగురు దిగి తోస్తే కదులుతుంది. అక్కడ పగడం ఫైబర్‌ను రంపంలా కోస్తుంది. ఒక ప్రొపెల్లర్, రెండు షియర్ పిన్నులు, చిన్న ఫైబర్ ప్యాచ్ కిట్ బోట్లోనే ఉండాలి. లంగరుకు తాడు మాత్రమే కడితే పగడం అంచు ఒక్క రాత్రిలో కోసేస్తుంది. కిందన కనీసం పది మీటర్ల గొలుసు వేసి పైన తాడు కట్టండి, లోతుకు అయిదు రెట్లు వదలండి. పగడం మీద కాకుండా ఇసుక మచ్చ చూసి వేయండి. చాలా చోట్ల పగడం మీద లంగరు వేయడం నేరం కూడా.

పెట్రోలు మూడు పాళ్లు చేసుకోండి: పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, మూడోది ముట్టకూడదు. ఆ తేమకు సగం నిండిన ట్యాంకు లోపల రాత్రికి రాత్రే నీటిబొట్లు పడతాయి. ఇంజను తెల్లవారి దగ్గి ఆగితే ముందు అనుమానించాల్సింది ఆ నీటినే. సాయంత్రమే ట్యాంకు నిండా పోసి, నీరు వేరుచేసే ఫిల్టరు గిన్నెను రోజూ విప్పి చూడండి.

ప్రశ్న: ఫిజీ చూసి రావాలని మా నాలుగు కుటుంబాల ఆలోచన. వానాకాలం తప్పించి జూలై, ఆగస్టు పెట్టుకుంటే సముద్రం నెమ్మదిగా ఉంటుంది కదా? (భీమవరం)

వాన తప్పుతుంది, సముద్రం నెమ్మదిగా ఉండదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆగ్నేయం గాలి బాగా బిగుస్తుంది. వరసగా మూడు నాలుగు రోజులు గంటకు 40, 45 కిలోమీటర్లు వీచి తూర్పు, దక్షిణపు ఒడ్డులను నురగ చేసి పెడుతుంది. వానాకాలంలో తుపాను లేని రోజుల్లోనే నీరు ఎక్కువ నిశ్చలంగా ఉంటుంది. వాన అంటే అలజడి అనే మన లెక్క అక్కడ చెల్లదు. మీరనుకున్న నెలలకే వెళ్లండి గానీ, బస పడమటి ఒడ్డున, నాంది వైపు దీవుల్లో చూసుకోండి. పడవ ప్రయాణాలు పొద్దున్నే పెట్టుకోండి. మధ్యాహ్నానికి గాలి పెరుగుతుంది. తలుపుల్లేని చిన్న బోటులో ముందు వరసలో పెద్ద వయసువాళ్లు కూర్చోకూడదు. నడుము పట్టేసే ఎదురుదెబ్బ అక్కడే తగులుతుంది. అన్నట్టు, అక్కడ మన మాట వినబడితే ఆశ్చర్యపోకండి. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా చెరకు తోటల్లో ఒప్పంద కూలికి వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు.

ప్రశ్న: తిథిని బట్టి పోటు వేళ చెప్పడం మా పిల్లలకు నేర్పుతుంటాను. తాహితిలో ఏ తిథికైనా పోటు మధ్యాహ్నం, అర్ధరాత్రే అని ఒకచోట చదివాను. చంద్రుడు అక్కడ లేడా? (భౌతికశాస్త్రం ఉపాధ్యాయుడు, రాజోలు)

ఉన్నాడు మాస్టారూ, కానీ అతని పప్పులు అక్కడ ఉడకవు.

మనకు పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, చంద్రుడు నడినెత్తికి రావడం అంతే ఆలస్యం గనక. మీ తిథి సూత్రం దాని మీదే నిలబడింది. అయితే చంద్రుడి ఆకర్షణతో లేచే నీరు సముద్రంలో ఒకేసారి అంతటా లేచి పడదు. ఖండాల ఆకారాన్ని, లోతును, భూభ్రమణాన్ని బట్టి కొన్ని బిందువుల చుట్టూ చక్రంలా తిరుగుతుంది. పళ్లెంలో నీళ్లు పోసి గుండ్రంగా తిప్పండి. అంచున నీరు లేచి పడుతుంటే నడుమ ఒక చోట మట్టం కదలదు. చంద్రుడి పోటుకు అలాంటి కదలని బిందువు తాహితికి దగ్గర్లో పడింది. దాంతో అక్కడ చంద్రుడి వాటా దాదాపు సున్నా. మిగిలింది సూర్యుడి పోటు. దానికి సరిగ్గా పన్నెండు గంటల కాలం. అందుకే తాహితిలోని పాపీటె రేవులో పోటు మధ్యాహ్నానికి, అర్ధరాత్రికి కాస్త అటూ ఇటూగా వస్తుంది, ఆటు ఉదయం ఆరు, సాయంత్రం ఆరు ప్రాంతాల్లో. ఎత్తు తేడా సుమారు అడుగు. కాకినాడలో అమావాస్య, పౌర్ణమికి మీటరు పైచిలుకు తేడా చూసిన కంటికి అది పోటులా కనబడదు.

పిల్లలకు ఇంకో ప్రశ్న ఇవ్వండి: అడుగు పోటు ఉన్న చోట లగూన్ మట్టాన్ని ఏది ఎక్కువ మారుస్తుంది? జవాబు పై అంతర్వేది ప్రశ్నలోనే ఉంది. దిబ్బ దాటి దూకే కెరటాలు. తాహితి గండ్లు చాలావరకు రాత్రీ పగలూ బయటికే పారడానికి కారణం కూడా అదే.

ప్రశ్న: బల్క్ క్యారియర్ మీద డెక్ పనిలో ఉన్నాను. తర్వాతి ప్రయాణం ఆస్ట్రేలియా నుంచి ఫిజీ మీదుగా. తుపాను ఏ దిక్కున ఉందో గాలిని బట్టి చెప్పడం దక్షిణార్ధంలో ఎలా? (కాకినాడ)

గాలికి ఎదురుగా నిలబడండి. ఉత్తరార్ధంలో తుపాను మీ కుడిచేతి వైపు, కాస్త వెనగ్గా ఉంటుంది. దక్షిణార్ధంలో ఎడమచేతి వైపు. ఇక్కడ తుపాను అపసవ్యంగా తిరుగుతుంది, అక్కడ సవ్యంగా. ఒకే గాలితో చూడండి: కాకినాడలో ఈశాన్యం గాలి బిగిస్తే తుపాను ఆగ్నేయంలో, బంగాళాఖాతం నడుమ ఉన్నట్టు. అదే ఈశాన్యం గాలి నాందిలో బిగిస్తే తుపాను వాయవ్యంలో ఉన్నట్టు. బంగాళాఖాతంలో ముదిరిన చేయి అక్కడ తప్పు దిక్కు చూపిస్తుంది. అలవాటు పడేదాకా కాగితం మీద గీసుకోవడమే మేలు.

ప్రమాదకరమైన అర్ధభాగం కూడా తారుమారు. తుపాను నడక దిక్కుకు ఉత్తరార్ధంలో కుడి, దక్షిణార్ధంలో ఎడమ. ఓడను ఆపి, లేదా బాగా నెమ్మదించి గాలిని కొన్ని గంటలు గమనించాలి. దక్షిణార్ధంలో గాలి అపసవ్యంగా, అంటే తూర్పు నుంచి ఉత్తరానికి జరుగుతుంటే మీరు చెడ్డ భాగంలో ఉన్నారు. గాలిని ఎడమ ముక్కు మీద ఉంచుకుని దూరంగా లాగాలి. సవ్యంగా జరుగుతుంటే రెండో భాగంలో ఉన్నట్టు. గాలిని ఎడమ వెనక భాగం మీద ఉంచుకుని తప్పుకోవచ్చు. ఓడ జోరుగా నడుస్తూ ఉంటే గాలి జరిగింది మీ వల్లో తుపాను వల్లో తేలదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

బారోమీటరు విషయంలో ఒక మెలిక ఉంది. ఉష్ణమండలంలో రోజూ పది గంటల ప్రాంతంలో పీడనం పెరిగి, నాలుగు గంటల ప్రాంతంలో తగ్గుతుంది. పగలూ అంతే, రాత్రీ అంతే. ఈ ఊపే రెండు మూడు హెక్టాపాస్కల్స్ ఉంటుంది. కనక సాయంత్రం నాలుగుకి తగ్గిందని కెప్టెన్‌ను లేపకండి. నిన్న నాలుగుకి ఎంతుందో దానితో పోల్చండి. ఆ వేళకు ఉండాల్సినదానికంటే మూడు తగ్గితే అనుమానం, అయిదు తగ్గితే తుపాను దగ్గర్లోనే ఉందని లెక్క.

ప్రశ్న: టీవీలో ఫిజీ తుపాను ‘కేటగిరీ 2’ అన్నారు, గువామ్‌ది కూడా ‘కేటగిరీ 2’ అన్నారు. రెండూ ఒకటేనా? (తణుకు)

కాదు. ఫిజీ వాడేది ఆస్ట్రేలియా కొలమానం, పది నిమిషాల సగటు గాలి. గువామ్‌లో అమెరికా కొలమానం, ఒక నిమిషం సగటు. ఒకే తుపానును ఒక నిమిషం లెక్కన కొలిస్తే అంకె ఏడు నుంచి పన్నెండు శాతం పెద్దదొస్తుంది. ఫిజీ కేటగిరీ 1 గంటకు 63 కిలోమీటర్ల దగ్గరే మొదలవుతుంది, మన లెక్కలో మామూలు తుపాను. కేటగిరీ 2 మన తీవ్ర తుపాను. కేటగిరీ 3, అంటే 118 నుంచి 159, మన అతి తీవ్ర తుపానుకు దగ్గర. అమెరికా కేటగిరీ 1 మొదలయ్యేదే 119 దగ్గర. అంటే గువామ్ ఒకటి దాదాపు ఫిజీ మూడుకి సమానం. ఢిల్లీలోని మన వాతావరణ శాఖ మూడు నిమిషాల సగటు తీస్తుంది, అది ఈ రెంటికీ నడుమ. కేటగిరీ అంకె వదిలేసి గాలి వేగం ఎంతన్నారో అదే వినండి.

ప్రశ్న: పగడపు దీవులన్నీ రెండు మూడు మీటర్ల ఎత్తేనట. 1977 దివిసీమలాంటి ఉప్పెన వస్తే ఒక్కరూ మిగలరేమో కదా? ఒకసారి ఉప్పునీరెక్కితే బావులేం చేస్తారు? మా ఫిల్టర్ పాయింట్లు ఏటేటా ఉప్పుదేలుతున్నాయి, అందుకే అడుగుతున్నాను. (కొబ్బరి రైతు, ఉప్పలగుప్తం)

అలాంటి ఉప్పెన అక్కడ లేవదు. మన తీరం ముందు సముద్రం చాలాదూరం తక్కువ లోతు. గాలి నీటిని ఒడ్డుకు తోస్తే కిందకు పోయే దారి లేక పైకెక్కుతుంది. పగడపు దీవి చుట్టూ అంచు దాటగానే వందల మీటర్ల లోతు. తోసిన నీరు కిందకు జారిపోతుంది. పీడనం ఒక హెక్టాపాస్కల్ తగ్గితే మట్టం సుమారు ఒక సెంటీమీటరు లేస్తుంది. 60 తగ్గినా రెండడుగులే. దీవులను ముంచేది దాని మీద ఎక్కే కెరటం. 2015 మార్చిలో వనువాటును కొట్టిన పామ్ తుపాను తువాలు, కిరిబాటి మీదకు రాలేదు, దాని కెరటాలు మాత్రం వచ్చి నష్టం చేశాయి. భూమధ్యరేఖకు అయిదు డిగ్రీల లోపల తుపాను తిరగడానికి భూభ్రమణం చాలదు, కిరిబాటి రాజధాని తరావా అక్కడే ఉంది. అయినా తప్పలేదు.

బావుల సంగతి మీకూ పనికొస్తుంది. సముద్రపు నీరు మంచినీటికంటే నలభయ్యో వంతు ఎక్కువ బరువు. అందుకని దీవి ఇసుకలో ఇంకిన వాన నీరు ఉప్పునీటి మీద కటకంలా తేలుతుంది. లెక్క ప్రకారం మంచినీరు సముద్రమట్టానికి అడుగు ఎత్తుంటే కింద నలభై అడుగుల మందం ఉండాలి. పగడపు దీవుల్లో కిందిరాయి గుల్లగా ఉండటంతో నిజంగా దొరికేది అంతకంటే తక్కువ. ఈ లెక్క తిరగేసి చూడండి: మీ మోటారు ఒకచోట నీటిమట్టాన్ని అడుగు దించితే, కింద ఉప్పు నలభై అడుగులు పైకెగబాకడానికి చూస్తుంది. లోతుకు దింపినకొద్దీ ఉప్పు దొరికేది ఇందుకే.

తరావాలో అందుకే లోతు బోరు వేయరు. నీటిమట్టానికి కొంచెం కింద చిల్లుల గొట్టాలను అడ్డంగా, వందల మీటర్లు పరిచి, నడుమ గుంట నుంచి మెల్లగా తోడతారు. ఒకచోట లాగకుండా పైపొర మీగడ తీసినట్టు తీయడం. మీ తోటలోనూ ఒక పెద్ద మోటారు మూడు గంటలు నడిపే బదులు, తక్కువ లోతులో రెండు మూడు పాయింట్లు దూరదూరంగా వేసి చిన్న మోటారుతో ఎక్కువసేపు నడపండి. లోతు పెంచకండి.

ఉప్పు కెరటం బావిలో పడితే అక్కడివాళ్లు చేసేది ఇది. పైన చేరిన ఉప్పును బకెట్లతో కొద్దికొద్దిగా తోడి దూరంగా పారబోస్తారు. మోటారుతో ఖాళీ చేయరు, చేస్తే కింది ఉప్పు కూడా పైకి కలుస్తుంది. బ్లీచింగు పురుగును చంపుతుంది గానీ ఉప్పును తీయదు. వానలు కడిగి నీరు తియ్యబడటానికి నెలలు పడుతుంది. ఆ నెలలకు ఆధారం కప్పు మీద వాన. నలుగురికి తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 20 లీటర్ల చొప్పున రెండు నెలలకు 4,800 లీటర్లు. 50 చదరపు మీటర్ల రేకుల మీద 120 మిల్లీమీటర్ల వాన పడితే, అయిదో వంతు పోయినా, సరిగ్గా అంతే పట్టుకోవచ్చు. తొలి మిల్లీమీటరు వాన, అంటే ఆ కప్పుకు 50 లీటర్లు, ట్యాంకులోకి పోనివ్వకూడదు. పక్షుల రెట్ట, ఉప్పు తుంపర, ఆకుల కుళ్లు అంతా అందులోనే వస్తుంది.

ప్రశ్న: ఎల్‌నినో వస్తే మనకు వానలు తగ్గుతాయంటారు. అక్కడ కూడా అంతేనా? (నరసాపురం)

దీవిని బట్టి. ఎల్‌నినో ఏడాది పసిఫిక్ పడమట ఉండాల్సిన వేడినీరు నడిసముద్రానికి జరుగుతుంది, మబ్బులు దాని వెంట పోతాయి. పాపువా న్యూగినీ, సోలొమన్, ఫిజీ, టోంగా వైపు ఎండిపోతుంది. పలావ్‌లో 2016లో తాగునీటికి కటకటలాడారు. కిరిబాటిలో మాత్రం అదే వేళ కుంభవృష్టి. తుపాన్లూ తూర్పుకు జరుగుతాయి, 1982–83లో తాహితి వైపు వరసగా తాకాయి. ఇంకోటి, వేడినీరు తరలిపోవడంతో పడమటి దీవుల దగ్గర సముద్రమట్టమే కొన్ని నెలలు ఇరవై, ముప్పై సెంటీమీటర్లు తగ్గుతుంది. ఆటు వేళ పగడాల తలలు గంటల తరబడి ఎండకు బయటపడి చస్తాయి. సమోవాలో దాన్ని తైమాస అంటారు. వాసనేసే ఆటు అని అర్థం.